లేయా టీచరు ఊదిన ఫైనల్

లేయా టీచరుకి మనుషులంటే చులకన. ఈ మాట ఆవిడ వెనక అందరూ అంటారు. ఎదురుగా అన్నా ఆవిడ కాదనదు. విస్సన్నపేట దగ్గర ఒక హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలు. కాపురం నూజివీడులో. ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే స్కూటీ మీద మామిడితోటల మధ్య రోడ్డు పట్టుకుని వెళ్ళి, సాయంత్రం అదే రోడ్డున తిరిగొస్తుంది. సెలవులొస్తే హాకీ మ్యాచ్‌లకు అంపైరింగ్ చేస్తుంది. ఆవిడ విజిల్ పడితే గ్రౌండులో ఎవరూ మారుమాట్లాడరని చుట్టుపక్కల జిల్లాల్లో పేరు. ఆ పేరంటే కూడా ఆవిడకి చులకనే. మాట్లాడటానికి వాళ్ళకి ఆట తెలిస్తే కదా అనేది.

తండ్రి క్రీస్తుదాసు రెడ్డిగూడెం వైపు తోటలకి కాపలా ఉండేవాడు. కాయ మీద ఉన్నంతకాలం కోతుల్ని, చిలకల్ని తోలుతూ తోటలోనే పడుకునేవాడు. కూతుర్ని మిషను హాస్టల్లో వేశాడు. అక్కడ ఒక సిస్టరు చేతికి స్టిక్కు ఇచ్చింది. అంతే, లేయా జీవితం ఆ స్టిక్కు వెంట నడిచింది. కాలేజీ, యూనివర్సిటీ, ఆ తర్వాత ఉద్యోగం, అన్నీ దాని చలవే.

ఆ జనవరిలో రెడ్డిగూడెం రోడ్డు మీద ఒక డిగ్రీ కాలేజీవాళ్ళు అమ్మాయిల అంతర్ కళాశాలల హాకీ పోటీలు పెట్టారు. కాలేజీ కరస్పాండెంటు లక్ష్మీనరసింహారావు. ఎనభై ఎకరాల మామిడితోట ఉన్న ఆసామి. ఆ తోట అంచునే కాలేజీ కట్టించాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఏ బంతినీ ముట్టుకున్న మనిషి కాదు. వేసవిలో కాలేజీకి గ్రేడింగు ఇచ్చే బృందం వస్తుందనీ, వాళ్ళకి చూపించడానికి క్రీడల ఫొటోలు కావాలనీ ఎవరో చెప్పారట. ఫొటోల కోసం టీమును తయారుచేశాడు. టీము కోసం ఊళ్ళు తిరిగి, హాకీ ఆడే పిల్లల్ని ఆరుగురిని ఫీజు లేకుండా చేర్చుకున్నాడు. మిగతావాళ్ళని క్లాసుల్లోంచి లేపి నిలబెట్టారు.

పోటీలకి నెల ముందు ఆ కాలేజీ ఇంగ్లీషు లెక్చరరు ఉదయశ్రీ లేయాని వెతుక్కుంటూ హైస్కూలుకి వచ్చింది. సావనీరు వేస్తున్నారట. అందులో ఒక పేజీ లేయా రాయాలి. గొప్ప ఫైనల్ అంటే ఎలా ఉండాలో అనుభవం మీద చెప్పాలి. "మీరు కాలేజీ రోజుల్లో ఆడిన ఫైనల్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారంటండి. చివరి నిమిషంలో గోలు కొట్టారంట కదా. అదే రాసివ్వండి మేడమ్, చాలు," అంది.

లేయా ఆ పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ గోలు సంగతి దాచకుండా చెప్పింది. అప్పటికి ఆవిడకి ఇరవై ఏళ్ళు. స్కోరు సమానంగా ఉంది. గోలు ముందు వంపుగీత గీసి ఉండే డీ లోపల, గుంపులో బంతి వచ్చి ఆవిడ ఎడమకాలి బూటుకి తగిలి ఆగింది. హాకీలో కాలికి తగిలితే తప్పు, అక్కడితో ఆట ఆపాలి. అంపైరుకి అడ్డంగా ఇద్దరు నిలబడి ఉన్నారు, ఆయనకి కనపడలేదు. లేయా ఆ బంతిని గోల్లోకి తోసేసింది. జనం గ్రౌండులోకి ఉరికారు. పేపర్లో ఫొటో పడింది. నూజివీడు బస్టాండులో దండ వేశారు. ఆ ఆదివారం చర్చిలో నిలబెట్టి, దేవుడు నీ ద్వారా చేసిన గొప్ప కార్యం గురించి సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పింది. కన్నీళ్ళతో చెప్పింది.

"ఆ రోజు నుంచి ఎవరైనా గొప్ప ఫైనల్ అంటే నాకు నవ్వొస్తదమ్మా," అంది లేయా. "చూసినోళ్ళకి ఏమీ కనపళ్ళేదు. కనపడింది నాకొక్కదానికే. నేను నోరు మూసుకున్నా. ఇది రాస్కో."

ఉదయశ్రీ రాసుకోలేదు. పోటీల మొదటిరోజు సావనీరు చేతికొచ్చింది. లేయా ఫొటో కింద, లేయా పేరుతో, ఉత్కంఠ, ఉద్వేగం, చివరి క్షణం, చరిత్ర అంటూ పేజీ నిండా ఉంది. లేయా ఒక్క పేరా చదివి, దాన్ని మడిచి స్కూటీ సీటు తుడవడానికి వాడింది.

ఫైనల్ శనివారం. తోటలు పూత మీద ఉన్నాయి. పొద్దున కొట్టిన పురుగుమందు వాసన, పూత వాసన కలిసి గ్రౌండు మీదికి వస్తున్నాయి. అది గ్రావెలు గ్రౌండు. రోలరుతో తొక్కించి, ట్యాంకరుతో నీళ్ళు చల్లించారు. చల్లించిన పద్ధతి చూసి లేయాకి ఒళ్ళు మండింది. స్టేజీ ముందు అతిథులకి దుమ్ము రాకుండా బురదయ్యేలా తడిపి, రెండు గోలుపోస్టుల ముందు ఎండగానే వదిలేశారు. పిల్లలు పరిగెత్తేది ఎక్కడో వీళ్ళకి పట్టలేదు. స్టేజీకి రెండు పక్కలా మనిషెత్తు సౌండు బాక్సులు. వాటి వెనక ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో పదకొండు ముఖాలున్నాయి. ఒక్కటీ ఆటగాళ్ళది కాదు.

రెండున్నరకి మొదలుకావలసిన మ్యాచ్. ముఖ్య అతిథి శ్రీమన్నారాయణ రాలేదు. సిమెంటు డీలరు, క్రీడాభివృద్ధి సంఘమని ఒకటి పెట్టుకుని దానికి తానే అధ్యక్షుడు. ఆయన వచ్చేదాకా ఆగాలన్నారు. అమ్మాయిలు ఒళ్ళు వేడెక్కించుకుని నిలబడ్డారు, చల్లారారు, మళ్ళీ పరిగెత్తారు, మళ్ళీ చల్లారారు. మూడుంబావుకి లేయా రెండో అంపైరు సంతోష్ కుమార్‌ని పిలిచింది. అతను ఆ కాలేజీలోనే కాంట్రాక్టు మీద పనిచేసే కుర్రాడు. జంక్షన్ దాటారటండి, ఇంకో పది నిమిషాలేనండి అన్నాడు. ఆ పది నిమిషాలు ఇప్పటికి నాలుగుసార్లు అయ్యాయంది లేయా. పాటలు ఆపించింది, విజిల్ వినపడదని. ఆపించి, ఊదేసింది.

కాలేజీ టీము పసుపు జెర్సీలు. అవతలిది ఏలూరు వైపు ఒక సర్కారు కాలేజీ, నీలం జెర్సీలు, అవీ రంగు వెలిసినవి. సగంమందికి షిన్ గార్డుల బదులు మేజోళ్ళలో అట్టముక్కలు. మొదటి సగం ఆట చూసి లేయాకి అసహ్యమేసింది. పసుపు పిల్లలు బంతి కొట్టిన ప్రతిసారీ స్టేజీ వైపు చూస్తున్నారు. నీలం పిల్లలు ఓడిపోతామని ముందే ఒప్పుకున్నట్టు అందరూ వెనక్కి చేరి గోలు ముందు కాపలా కాస్తున్నారు. ఇటొక పొరపాటు, అటొక పొరపాటు జరిగి చెరొక గోలు వచ్చింది. మైకులో ఉన్న వ్యాఖ్యాత కబడ్డీ పోటీలకి అలవాటుపడ్డ మనిషి. డీ బయటనుంచి కొట్టిన బంతి గోల్లో పడితే రెండుసార్లు గోల్ అని అరిచాడు. డీ బయటనుంచి కొడితే లెక్కలోకి రాదని ఎవరూ ఆయనకి చెప్పలేదు. జనం ఆ రెండుసార్లూ చప్పట్లు కొట్టారు. లేయా వాళ్ళ వైపు ఒకసారి చూసి, తల తిప్పుకుంది.

మూడో క్వార్టరులో ఏదో మారింది. ఎందుకు మారిందో లేయాకి ఆ తర్వాత ఎంత ఆలోచించినా తెలియలేదు. పసుపు టీముకి మధ్యలో ఆడే షాలోమి అనే అమ్మాయి ఉంది, టీముకి కెప్టెను. రెడ్డిగూడెం పిల్ల, ఫీజు లేకుండా చేరిన ఆరుగురిలో ఒకతె. ఆ అమ్మాయి కుడివైపు ఎవరూ లేని చోటుకి బంతి కొట్టింది. అంతవరకు ఒక్క పాసూ అందుకోని పిల్ల ఎక్కడినుంచో వచ్చి దాన్ని అందుకుంది. అది గోలైంది. నిమిషం తిరక్కుండా నీలం పిల్లలు గోలు ముందు గుంపు వదిలి, అయిదుగురు ఒక్కసారి పైకొచ్చి, తిరిగి గోలు కొట్టారు. రెండుకి రెండు. అక్కడినుంచి రెండు టీములకీ భయం పోయింది. బంతి ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఆగకుండా నడుస్తోంది. నీలం గోల్‌కీపరు గ్లోరీ. పొట్టి పిల్ల, చేతికి దొరికిన పాత ప్యాడ్లు కట్టుకుంది. మీదికొచ్చిన బంతినల్లా, గోల్‌కీపరుకి అది తప్పు కాదు కాబట్టి, కాలితో తన్ని, అరుపూ కేకా లేకుండా మళ్ళీ తన చోట నిలబడుతోంది. బంతి కాలికి తగిలితే ఎవరికి తగిలిందో వాళ్ళే స్టిక్కు పక్కకి తీసి ఆగుతున్నారు. లేయా విజిల్ అవసరమే పడటం లేదు. నోట్లో విజిల్ ఉందనీ, దాన్ని నాలుగు నిమిషాలుగా ఊదలేదనీ ఆవిడకి ఒక్కసారి తెలిసింది. ఇరవై ఏళ్ళలో అలా జరగలేదు. వీపు మీద చెమట చల్లగా దిగింది. ఆవిడ పరిగెడుతోంది, మోకాలి నొప్పి గుర్తులేదు.

అప్పుడొచ్చాయి కార్లు. అయిదు కార్లు వరసగా గ్రౌండు పక్కదాకా వచ్చి ఆగాయి. టపాకాయల సరం పేలింది. లక్ష్మీనరసింహారావు దండ పట్టుకుని పరిగెత్తాడు. ముఖ్య అతిథిని క్రీడాకారిణులకి పరిచయం చేయడం కోసం ఆట కాసేపు ఆగుతుందని మైకులో ప్రకటించారు. ఎవరు ఆపుతారో మాత్రం చెప్పలేదు. సంతోష్ కుమార్ విజిల్ పెదాల దగ్గర పెట్టుకుని లేయా వైపు చూశాడు. లేయా తల అడ్డంగా ఊపింది. అతను చెయ్యి దించాడు.

శ్రీమన్నారాయణకి ఎదురుచూడటం అలవాటు లేదు. బంతి అవతలి వైపు ఉండగా ఆయన సున్నం గీత దాటి గ్రౌండులోకి నడిచొచ్చాడు. పక్కన కరస్పాండెంటు, వెనక ఫొటోగ్రాఫర్లు, ఆ వెనక శాలువాల పళ్ళెం పట్టుకున్న ఉదయశ్రీ. బంతి తిరిగి ఇటు వచ్చేసరికి పిల్లలు వాళ్ళని తప్పించుకుని పరిగెత్తాల్సొచ్చింది. ఎవరి మొహానైనా స్టిక్కు తగులుతుందని లేయా విజిల్ ఊది, చేతులు తలపైన అడ్డంగా పెట్టి టైము ఆపింది. అలా ఊదాల్సి వచ్చినందుకు ఆవిడకి పుట్టిన కోపం అంతా ఇంతా కాదు. నడుచుకుంటూ వాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

"గీత దాటొచ్చారండి. అవతలికి వెళ్ళండి," అంది.

లక్ష్మీనరసింహారావు నవ్వు పులుముకుని, ఐదు నిమిషాల పనేననీ, సారు చేతులు కలిపి రెండు ఫొటోలు దిగి వెళ్ళిపోతారనీ చెప్పాడు. అయిపోయాక దిగొచ్చు కదా అంది లేయా. సారుకి ఇంకో ప్రోగ్రాం ఉందన్నాడు. శ్రీమన్నారాయణ ఆవిడని పైనుంచి కిందికి చూసి, ఈ టోర్నమెంటుకి స్పాన్సరు ఎవరో మేడమ్‌కి తెలుసా అని కరస్పాండెంటుని అడిగాడు, ఆవిడ అక్కడ లేనట్టు.

"తెలుసండి, ఫ్లెక్సీలో చూశాను," అంది లేయా. "ఈ పిల్లల్ని ఇప్పుడు నిలబెడితే మళ్ళీ ఇలా ఆడరండి. ఆ సంగతి మీకు తెలీదు. తెలీనందుకు నేనేం అనను. బయటికి మాత్రం నడవండి."

కరస్పాండెంటు ఆవిడని వదిలేసి షాలోమి వైపు తిరిగాడు. తన కాలేజీ పిల్ల, తను చదివిస్తున్న పిల్ల. వచ్చి సారుకి నమస్కారం పెట్టమన్నాడు. షాలోమి బంతి దగ్గర వంగి నిలబడి ఆయాసపడుతోంది. మొహమెత్తింది. ఆయన్ని చూడలేదు.

"మేడమ్, ఫ్రీ హిట్ మాదా, వాళ్ళదా?" అని అడిగింది.

"ఎవరిదీ కాదు. బుల్లీ," అంది లేయా. తప్పెవరిదీ కానప్పుడు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, స్టిక్కులు ఒకసారి తట్టుకుని బంతి కోసం పోటీపడటమే బుల్లీ. షాలోమికి ఎదురుగా ఒక నీలం పిల్ల వచ్చి నిలబడింది. ఇద్దరూ స్టిక్కులు దించారు. గ్రౌండులో ఉన్న ఇరవై ఇద్దరిలో ఒక్కరూ ఆ శాలువాల వైపు చూడలేదు. ముఖ్య అతిథి ఇంకో క్షణం నిలబడి, ఫొటోగ్రాఫర్లు కెమెరాలు దించడం చూసి, వెనక్కి తిరిగాడు. దారిలో బురదలో ఆయన చెప్పు దిగబడింది. ఒకడు వంగి దాన్ని లాగిచ్చాడు.

అయినా ఆయన ఊరుకోలేదు. నాలుగో క్వార్టరంతా స్టేజీ మీద మైకు పట్టుకుని మాట్లాడాడు. తన సేవలు, తన చిన్నతనం, తను దాదాపు కబడ్డీ ఆడబోయి ఆడలేకపోయిన వైనం, అన్నీ చెప్పాడు. ఆ గోల కిందనే ఆట నడిచింది. చివరి రెండు నిమిషాల్లో, డీలో నీలం పిల్లలు చేసిన తప్పుకి పసుపు టీముకి పెనాల్టీ కార్నరు దొరికింది. షాలోమి కొట్టిన దెబ్బకి గ్లోరీ అడ్డంపడి ప్యాడుతో ఆపింది. ఆపిన బంతి దొరకగానే నీలం పిల్లలు దాన్ని కుడి అంచుకి కొట్టారు. ఒక పిల్ల ఆ అంచు వెంట పరిగెత్తి, లేయా ఉన్న వైపు గోలు ముందుకి అడ్డంగా తోసింది. మధ్యలో ఆపేవాళ్ళు లేరు. ఇంకో పిల్ల స్టిక్కు తాకించింది. గోలు.

లేయా గోలు ఇస్తూ చెయ్యి గ్రౌండు మధ్యకి చాపింది. స్టేజీ దగ్గర కాలేజీవాళ్ళు కాలు, కాలు అని అరిచారు. సంతోష్ కుమార్ పరిగెత్తుకొచ్చి, మేడమ్ ఒకసారి ఆలోచించండి, నా ఉద్యోగం సంగతి మీకు తెలుసు కదా అన్నాడు మెల్లగా. నువ్వు చూశావా అని అడిగింది లేయా. లేదండి అన్నాడు. నేను చూశాను, వెళ్ళి నీ చోట నిలబడు అంది. ఇంకో నలభై సెకన్లు ఆడారు. మూడు, రెండు. అయిపోయింది.

బహుమతులప్పుడు ఆతిథ్య కళాశాల బంగారు తల్లుల పోరాటపటిమ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. గెలిచిన నీలం పిల్లలు బస్సు దొరకదేమోనని బ్యాగులు భుజాన వేసుకునే స్టేజీ ఎక్కి కప్పు తీసుకున్నారు. గ్లోరీ ప్యాడ్లు విప్పలేదు, విప్పితే సంచిలో పట్టవట. లేయా విజిల్ జేబులో వేసుకుంది. స్కూటీ తీసుకుని వచ్చేసింది. దారిలో తోటల పక్కన ఒకచోట ఆగి కాసేపు నిలబడింది. జీవితంలో చూసిన మంచి ఆట అదేనని తెలుసు. చెప్పుకోవడానికి తగిన మనిషి తట్టలేదు.

వారంలో రెండు సంగతులు జరిగాయి. ఇక మీదట అంపైరింగుకి పిలవబోమని ఆ పోటీల కమిటీ నుంచి కాగితం వచ్చింది. క్రమశిక్షణ లేకపోవడం కారణమట. రెండోది, ముఖ్య అతిథిని ఆవిడ గ్రౌండులోంచి పంపేసిన వీడియో ఫోన్లలో తిరిగింది. పాతిక సెకన్ల ముక్క. నూజివీడు బజార్లో కూరగాయలమ్మేవాళ్ళు కూడా ఆవిడని చూసి నవ్వి, బాగా బుద్ధి చెప్పారమ్మా అన్నారు. భర్త ఆనంద్ బాబు, మామిడికాయల లోడింగు దగ్గర గుమాస్తా, ఇంతమంది చూశారు అంతమంది చూశారు అని రోజూ లెక్క చెప్పేవాడు. యూట్యూబు ఛానలని చెప్పి ఇద్దరు ఇంటికొచ్చారు. లేయా వాళ్ళని గుమ్మంలోనే ఆపి, ఆ మ్యాచ్ ఎవరు గెలిచారో చెప్తే లోపలికి రమ్మంది. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తలుపేసేసింది. లక్షమంది చూసి ఒక్కడు స్కోరు అడగలేదు అని ఆ రాత్రి అన్నం పెడుతూ భర్తని దులిపేసింది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మూడోవారం, ఆదివారం చర్చి అయ్యాక, షాలోమి వచ్చింది. కృతజ్ఞత చెప్పడానికి వచ్చిందేమోనని లేయా మొహం గంటు పెట్టుకుంది. అలాంటివి ఆవిడకి పడవు. ఆ పిల్ల కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"మేడమ్, ఆ రోజు ఆ ఐదు నిమిషాలు మీరు ఇచ్చుంటే మేం గెలిచేవాళ్ళం."

లేయా ఏంటన్నట్టు చూసింది.

"మా ఎడమ బ్యాకు పిల్లకి కాలు మడత పడింది మేడమ్, కార్లు రావడానికి కొంచెం ముందు. బయటికి పంపిద్దామంటే బెంచీ మీద ఉన్న ఇద్దరూ స్టిక్కు పట్టి నెల కూడా కాలేదు. క్వార్టర్ల మధ్య గ్యాప్ రెండు నిమిషాలే. బూటు విప్పితే మళ్ళీ పట్టదని విప్పలేదు. మీరు ఐదు నిమిషాలు ఆగుంటే ఐసు పెట్టి కట్టేసేదాన్ని."

"గెలిచేవాళ్ళేమో," అంది లేయా. "ఆ ఆట మాత్రం ఉండేది కాదు."

"ఆట గొప్పగా ఉందని మీరంటున్నారు. ఓడిపోయింది మేం కదండి."

ఆ పిల్ల మొహంలో కోపం ఉంది, మర్యాద తప్పని కోపం. కాలేజీలో కెప్టెన్సీ తీసేశారట, దాని గురించి పెద్దగా బాధలేదట. ఆఖరి గోలు దగ్గర మధ్యలో ఎందుకు లేవని అందరూ తననే అంటున్నారట, మీరూ అలాగే అనుకున్నారా అని అడిగింది. లేయా అబద్ధం ఆడలేదు. అనుకున్నానంది. నీలాంటి పిల్ల అలసిపోయి చోటు వదిలేసిందనుకున్నానంది.

షాలోమి గుమ్మం దగ్గర ఉన్న చెప్పులన్నీ తీసి వాకిట్లో పేర్చింది. ఇది నేను, ఇది మా ఎడమ బ్యాకు, ఇది వాళ్ళ కుడి అంచు పిల్ల అని చూపించింది. ఎడమ బ్యాకు కుంటుతోందని తను ఆ పక్కకి జరిగి ఆమె చోటు కూడా కాసిందట. క్వార్టరంతా అలాగే రెండు చోట్లు కాసిందట. ఆఖర్న పెనాల్టీ కార్నరుకి పైకెళ్ళి, వెనక్కి పరిగెత్తి ఆ ఎడమ బ్యాకు పక్కకే వచ్చింది. మధ్య ఖాళీ అయింది. అందులోంచి గోలొచ్చింది.

లేయా వంగి ఆ చెప్పుల వంక చాలాసేపు చూసింది. రెండో సగమంతా ఆ ఎడమ బ్యాకు ఆడింది ఆవిడ కళ్ళెదురుగానే, పది గజాల దూరంలో. కాలు మడత పడటం చూడలేదు. కుంటడం చూడలేదు. ఒకళ్ళు ఇద్దరి చోటు కాయడం అసలే చూడలేదు. ఊళ్ళో వాళ్ళందరికీ కళ్ళు లేవంటూ తిరిగిన మనిషికి చెవులు వేడెక్కాయి.

లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల మంచినీళ్ళు తెచ్చింది. ఒకటి షాలోమికిచ్చి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

"కార్నరు దగ్గర్నించి మళ్ళీ పెట్టు," అంది. "మెల్లగా. ఎవరెక్కడున్నారో ఒక్కొక్కళ్ళని చెప్పు."